స్ప్రింగుల్లో ట్రాక్టర్ టైరు ముక్కలు

2023వ సంవత్సరం, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు వైపు నా కార్ల షెడ్డు. సగం జీవితం కార్ల కింద వెల్లకిలా పడుకునే గడిచిపోయింది కాబట్టి నేను ఆకాశం కంటే ఆయిల్ చాంబర్లే ఎక్కువ చూశాను. నా పేరు మస్తాన్. పనికి మంచి పేరుంది, నోటికి మాత్రం లేదు. కోపం వస్తే ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకోను. ఫోనులో వీడియో చూసి ఇంట్లో కారు విప్పుకుని, మళ్లీ బిగించాక మిగిలిపోయిన బోల్టుల్ని సంచిలో వేసుకుని నా దగ్గరికొచ్చే వాళ్లని చూస్తే ఆ కోపం ఇంకో మెట్టు ఎక్కుతుంది.

ఆ రోజు షెడ్డు తీసేసరికే ఒకావిడ గుమ్మంలో నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, ఎండకి రాటుదేలిన ముఖం. కాళ్ల దగ్గర గోనెసంచి. అందులోంచి రెండు కొత్త స్ట్రట్‌ల అట్టపెట్టెలు తల బయటపెట్టి ఉన్నాయి.

"అన్నా, మీ కాడ స్ప్రింగ్ కంప్రెసర్ ఉందంట గదా. ఒక్క పూటకి ఇస్తారా? రేపు పొద్దున తెచ్చిస్తా" అంది.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. కారు ముందు చక్రం పక్కన నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. దాన్నే స్ట్రట్ అంటారు, మా షెడ్డు భాషలో ఫ్రంట్ షాకు. గొట్టం లోపల ఆయిలు, బయట లావుపాటి స్ప్రింగు. గుంటలో పడ్డప్పుడు దెబ్బ కాచుకునేది స్ప్రింగు. కాచుకున్నాక అది ఊగుతూ కూర్చోకుండా పట్టి ఆపేది లోపలి ఆయిలు. ఆ ఆయిలు కారిపోతే స్ట్రట్ పని అయిపోయినట్టే. కొత్తది వేయాలంటే పాతదానికున్న స్ప్రింగు తీసి దీనికి తొడగాలి. అందుకు స్ప్రింగుని నొక్కి పట్టి పొట్టిగా చేసే పనిముట్టే స్ప్రింగ్ కంప్రెసర్. నొక్కి ఉన్న స్ప్రింగు పట్టు తప్పి ఎగిరిందంటే దవడ పగిలిపోతుంది. దాన్ని పని తెలియని వాళ్లకి ఇవ్వడమంటే పాముని సంచిలో కట్టి ఇవ్వడమే.

"ఎవరు చేస్తారమ్మా పని?"

"నేనే."

"యాడన్నా నేర్చుకున్నావా?"

"ఫోన్లో చూశా. మళ్లీ మళ్లీ చూశా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఫోన్లో చూసి పురుడు కూడా పోస్తావా తల్లీ?" అన్నాను.

"అవసరమొస్తే అదీ పోస్తా" అంది, కళ్లు దించకుండా.

నా నోటికి జంకకుండా జవాబు చెప్పిన వాళ్లు తక్కువ. స్టూలు ఆమె ముందుకు నెట్టి కూర్చోమన్నాను.

పేరు నాగేంద్రం. దాచేపల్లి నుంచి లోపలికి పోతే వాళ్ల ఊరు. భర్త కోటయ్యకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు నరసరావుపేటకొచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. కారు ఆయనదే, ఒంట్లో బాగున్నన్నాళ్లు ఆయనే నడిపాడు. ఆయన మంచాన పడ్డాక ఈమె మిరపకాయల కల్లంలో స్టీరింగు పట్టుకుని నేర్చుకుంది. మెయిన్ రోడ్డు ఎక్కాక ఫరవాలేదు. ఊరి నుంచి అక్కడిదాకా ఉన్న రోడ్డు మీదే సిమెంటు ఫ్యాక్టరీలకి రాయి తోలే లారీలన్నీ తిరుగుతాయి. అది రోడ్డని ఊళ్లోవాళ్లు చెబితే మనం నమ్మాలి. కోటయ్య ఎముకలు అప్పటికే గుల్లబారాయి. డయాలసిస్ అయ్యాక ఒంట్లో సత్తువంతా పిండేసినట్టు ఉంటుంది. అట్లాంటి మనిషికి ఆ గుంటలు గోరుచుట్టు మీద రోకటి పోట్లే.

దారిలో ఎవరో మెకానిక్‌కి కారు చూపిస్తే ఏదో బిగించి బాగైపోయిందన్నారు. కారు బాగైందని నాగేంద్రం భర్తకి నచ్చజెప్పి ఎక్కించింది. ఏమీ బాగవలేదు. ఆ రోజు ఇంటికి చేరేసరికి ఆయన నడుం పట్టుకుని ఏడ్చాడట. నిన్న ఆస్పత్రికి రావలసిన వంతు. రానన్నాడు.

"ఆ కారెక్కి నడుం ఇరగ్గొట్టుకుని చచ్చేకంటే మంచం మీద పోవడమే నయమన్నాడన్నా. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆస్పత్రి సిస్టరమ్మకి ఫోన్ చేస్తే, రేపు పొద్దున్నకి బెడ్ ఉంచుతా, ఎట్టాగైనా తీసుకరా, ఇంకో వంతు తప్పిందంటే మా చేతుల్లో ఉండదు అంది."

"మరి కారు ఇక్కడికే తెచ్చి చేయించుకుపోవచ్చు గదమ్మా?"

"చేయించుకుపోతే మాత్రం నమ్ముతాడా? ఒకసారి బాగైందని చెప్పి ఎక్కించా గదా. ఇంక నా మాట నమ్మడు. ఆయన మంచం ముందర, ఆయన కళ్లెదురుగా విప్పి మార్చాలి. అప్పుడన్నా ఎక్కుతాడేమోనని..."

ఎక్కుతాడని కాదు, ఎక్కుతాడేమోనని. ఆ మాటకి నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు. "పనిముట్టు ఇవ్వను. కావాలంటే దాంతో పాటు నేనొస్తా" అన్నాను. వెంటనే స్పానర్లు ఏరడం మొదలుపెట్టాను. షెడ్డులో రెండు కార్లు నా కోసం నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నన్ను నేనే తిట్టుకుంటూ, జాకీలు, స్టాండ్లు, కంప్రెసరు పాత వ్యాన్లో పడేసి, ఆమెని ఎక్కించుకుని బయల్దేరాను.

దారిలో అడిగాను, గుంటలో పడితే కారు ఎట్లా ఉంటుందని.

"రాయి మీద రాయి పడ్డట్టు" అంది.

నాకు అనుమానం వచ్చింది. స్ట్రట్‌లో ఆయిలు పోతే కారు పడవలాగా ఊగుతుంది. ఊగడం వేరు, రాయిలాగా కొట్టడం వేరు. ఇంకేదో ఉంది, విప్పితే గాని తెలియదు అనుకున్నాను.

ఇల్లు రోడ్డు పక్కనే. వాకిలి నిండా నాపరాళ్లు పరిచి ఉన్నాయి. ఒక వైపు పట్టా మీద రంగు పోయిన తాలు మిరపకాయలు ఏరి పోసి ఉన్నాయి, గాలికి ఆ ఘాటు గొంతులో దిగుతోంది. రేకుల వసారాలో మంచం మీద కోటయ్య, వీపు మా వైపు, ముఖం గోడ వైపు. వాకిట్లో ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు సిమెంటు రంగుకి దిగిన చిన్న కారు. దానికి రెండు పక్కలా నాపరాళ్లు ఒకదాని మీద ఒకటి మోకాలెత్తున గోడ కట్టినట్టు పేర్చి ఉన్నాయి.

"ఇదేంది?" అన్నాను.

"వీడియోలో కారు కింద ఇనప స్టాండ్లు పెట్టారన్నా. మన కాడ అయి లేవు గదా. అందుకని తెల్లారక ముందే నేనే పేర్చా" అంది, కాస్త గర్వంగా.

మా పల్నాట్లో నేల మీద నాపరాయి, అరుగుకి నాపరాయి, కుండ పెట్టే గట్టుకి నాపరాయి, చేను గట్టు మీద పాతడానికీ నాపరాయే. చివరికి కారు కింద కూడానా! నేను మాట్లాడకుండా ఆ పేర్చిన రాళ్లలో ఒకదాన్ని నేల మీద పరిచి, దాని మీద జాకీ పెట్టి కారు లేపడం మొదలుపెట్టాను. టైరు నేల వదిలిందో లేదో, రాయి ఫట్‌మని అడ్డంగా పగిలింది. కారు ఒక్క జానెడు పక్కకి ఒరిగింది.

"కిందన నువ్వుంటే?" అన్నాను.

నాపరాయి పరుపులాగా పరిస్తే ఏనుగునైనా మోస్తుంది. ఒక్కచోట పొడిచినట్టు బరువు పడితే అప్పడంలాగా విరుగుతుంది. కారుని మెల్లగా దించి, గట్టి మట్టి ఉన్న చోటికి నెట్టి, వెడల్పాటి తుమ్మచెక్కలు వేసి, వాటి మీద నా స్టాండ్లు నిలబెట్టాను. ఇంట్లో స్ట్రట్ మార్చుకోవాలనుకునే వాళ్లు మిగతా సంగతులన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి మర్చిపోకండి. కారు ఎప్పుడూ జాకీ మీద ఉండకూడదు, స్టాండు మీద ఉండాలి.

"ఎడం పక్క నేను చేస్తా, నువ్వు చూడు. కుడి పక్క నువ్వు చేద్దువుగాని, నేను చూస్తా" అన్నాను. ఆమె చీరకొంగు నడుముకి బిగించింది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ మంచం మీది వీపు కదల్లేదు. నేను పలకరించాను. "ఏం కోటయ్య గారూ, బాగున్నారా?"

"బాగుంటే నీతో పనేంది సాయిబూ" అని గోడతోనే చెప్పాడు.

చక్రం ఊడదీశాక బానెట్ ఎత్తాను. స్ట్రట్ పైకొస అక్కడ కనిపిస్తుంది, చుట్టూ మూడు నట్లు, నడి మధ్యలో ఒకటి. వీడియోల చదువు అక్కడ బయటపడింది. నేను కింద బ్రేకు పైపు క్లిప్పు తీసే లోపు నాగేంద్రం స్పానరు తీసుకుని నడిమి నట్టు మీద పెట్టింది.

"ఆగు!" అని నేను అరిచిన అరుపుకి పిట్టగోడ మీది కోడి ఎగిరి అవతల పడింది. "ఆ నట్టే స్ప్రింగుని పట్టుకునుంది. ఇప్పుడు దాన్ని ఇప్పావంటే మొత్తం ఎగిరి నీ మొహాన కొట్టిద్ది. ముందు చుట్టున్న మూడే. నడిమిది స్ప్రింగుని కంప్రెసర్‌తో కట్టేసినాకే."

"వీడియోలో ఇదంతా చెప్పలేదన్నా."

"చెప్పే ఉంటాడు. నువ్వు అప్పుడు కూరలో ఉప్పేస్తా ఉండుంటావ్."

ఆమె నవ్వింది. పొద్దున్నుంచీ ఆ ముఖంలో నవ్వు చూడ్డం అదే మొదలు. నాకూ కాస్త గాలి ఆడింది.

కింద రెండు పెద్ద బోల్టులు తీసి, చక్రం భాగం బ్రేకు పైపు మీద వేలాడకుండా తీగతో కట్టి, పైన మూడు నట్లూ విప్పాక స్ట్రట్ బయటికొచ్చింది. నల్లరేగడి మట్టి, సిమెంటు దుమ్ము కలిసి స్ప్రింగు మీద పెళ్లలు కట్టాయి. అసలు చుట్లు కనిపించడం లేదు. స్క్రూడ్రైవరుతో గీకి, బకెట్ నీళ్లు కొట్టించాను. మట్టి కరిగి కారిపోయాక చుట్టుకీ చుట్టుకీ మధ్య నల్లగా ఏవో ముక్కలు కనిపించాయి. రబ్బరు. దాని మీద ట్రాక్టర్ టైరు పళ్లు. కొలిచి కోసినట్టు స్ప్రింగు వంపులో అమిరి కూర్చున్నాయి.

రాయి మీద రాయి ఎందుకు పడుతుందో అప్పుడు తెలిసింది. నొక్కుకోవడానికి స్ప్రింగుకి సందే లేదు. ఆయిలు పోయిన షాకు ఒక పక్క, కదలని స్ప్రింగు ఇంకో పక్క, రెండింటి మధ్యా కోటయ్య నడుం. కొత్త స్ట్రట్‌లు ఎంత మంచివి వేసినా ఈ ముక్కలు ఉన్నంత కాలం లాభం లేదు. "వీటిని పెట్టిన మహానుభావుడెవరో గాని..." అంటూ మొదటి ముక్కని స్క్రూడ్రైవరుతో పెరికి అవతలకి విసిరాను.

"అయి ముట్టుకోబాకండి!"

మంచం మీది వీపు కదిలింది. కోటయ్య మోచేతి మీద లేచి మా వైపు తిరిగాడు. పాలిపోయి, ఉబ్బిన ముఖం. కళ్లు మాత్రం నిప్పుల్లాగా ఉన్నాయి.

"మీరు పెట్టినయ్యా?" అన్నాను.

"నేనే కోసి పెట్టా. పాత ట్రాక్టర్ టైరు, రంపం పెట్టి కోసి, సబ్బు నీళ్లు రాసి ఎక్కించా. లేకపోతే ముగ్గురు మనుషులు, ఎనక మిరపకాయ బస్తాలు ఏసుకుని ఆ వాగు చప్టా దాటేదెట్టా? ముందు బంపరు గీసుకుని సగం ఊడొచ్చింది. ఇయి పెట్టినాక ఒక్కసారి తగిలిందేమో అడుగు నా పెళ్లాన్ని."

"మరి వెనక స్ప్రింగుల్లో?"

"అయి యాడనో ఊడిపడినయ్" అన్నాడు, కాస్త తగ్గి.

ముక్కలు చూస్తే పనితనం నిజంగానే ఉంది. ఆ కోత నా షెడ్డులో కూడా ఎవరూ కోయలేరు. ఒంట్లో సత్తువ ఉన్న రోజుల్లో తన బుర్రతో, తన చేత్తో చేసిన పని అది. ఇప్పుడా మనిషి గ్లాసుడు మంచినీళ్లు కూడా కొలుచుకుని తాగాలి, మంచం దిగాలంటే భార్య భుజం కావాలి. ఆ ముక్కల్ని చెత్తలాగా విసిరి నేను ఎక్కడ కొట్టానో నాకు అర్థమైంది. అర్థమైందని చెప్పి వాటిని అక్కడే ఉంచలేను గదా.

"అయి తీస్తే నా కారు ముట్టుకోవద్దు సాయిబూ. ఎట్టా ఉందో అట్టా బిగించి పో" అన్నాడు.

నాగేంద్రం చేతిలో స్పానరు నేల మీద పెట్టి లేచింది. "బంపరుకి గీత పడితే రంగేయించుకుంటా. ఊడిపోతే ఇంకోటి కొనుక్కుంటా, పేటలో దొరుకుద్ది. నువ్వు పోతే ఏ కొట్లో అడగాలయ్యా? చెప్పు, యాడ దొరుకుద్దో చెప్పు, పోయి తెచ్చుకుంటా" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని ఇంట్లోకి పోయింది.

కోటయ్య సరేనని మాత్రం అనలేదు. పంతం పట్టిన పల్నాటివాడితో వాదించడం కంటే తుప్పు పట్టిన బోల్టుతో వాదించడం మేలు, దానికి డీజిల్ పోస్తే వదులుతుంది. నేను మంచం దగ్గరికి పోయి గొంతుక్కూర్చున్నాను.

"ఆమె నన్ను అన్నా అంటోంది కాబట్టి నువ్వు నాకు బావవి. బావా, పందెం ఏసుకుందాం. ముక్కలు తీసేసి, కొత్త షాకులు ఏసి, ఈ పొద్దే ఆ చప్టా దాటిస్తా. బంపరు తగిలిందనుకో, నీ ముక్కలు నేనే కడిగి, సబ్బు రాసి, యాడయి ఆడ మళ్లీ పెడతా."

"తగులుద్ది" అన్నాడు వెంటనే.

"తగల్దు."

"ఆ చప్టా సంగతి నీకేం తెలుసు? కచ్చితంగా తగులుద్ది."

"అయితే వచ్చి చూడు."

"నేను కారెక్కను."

"ఎక్కకపోతే తగిలిందో లేదో నీకెట్టా తెలుస్తది? నేనొచ్చి తగల్లేదని చెప్తా."

"నువ్వు అబద్ధం చెప్తావ్."

"చెప్తా మరి. పందెం గెలవాలి గదా."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఇట్లాంటి దొంగ సాయిబుని ఈ ఇంటికి ఎవరు పిలిచారన్నట్టు ఉంది ఆ చూపు. "కానియ్, చూద్దాం" అని మళ్లీ పడుకున్నాడు. ఈసారి ముఖం మా వైపే.

ఎడమ వైపు పని అక్కణ్ణుంచి చకచకా సాగింది. కంప్రెసర్ కొక్కేలు స్ప్రింగుకి రెండు వైపులా తగిలించి, ఇటు కొంచెం అటు కొంచెం సమంగా బిగించి, అప్పుడు నడిమి నట్టు విప్పి, పాత స్ట్రట్ పక్కన పెట్టాను. కొత్తదాన్ని చేత్తో నాలుగుసార్లు నొక్కి లేపి, స్ప్రింగు తొడిగి, కొస దాని గాడిలో కూర్చుందో లేదో చూసి బిగించాను. పైన ఉండే టాప్ మౌంట్, అంటే స్ట్రట్‌కి టోపీలాంటి రబ్బరు దిండు, అది కూడా చితికిపోయింది. నాగేంద్రం సంచిలో కొత్తవి ఉన్నాయి. ఆ కొనుగోలు మాత్రం వీడియో చలవే, ఒప్పుకోవాలి.

కుడి వైపు నాగేంద్రం చేసింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అంత కష్టమైన పని నేను ఎప్పుడూ చేయలేదు. ఆమె నెమ్మదిగా, ఒక్కొక్క నట్టు విప్పి పళ్లెంలో వరసగా పెట్టుకుంటూ చేసింది. నడిమి నట్టు దగ్గరికొచ్చేసరికి ఆగి, కంప్రెసర్ రెండు వైపులా చూసుకుని, "ఇప్పుడా అన్నా?" అని అడిగింది. "ఇప్పుడే" అన్నాను.

మంచం మీద నుంచి ఇంకో మేస్త్రీ తయారయ్యాడు. "ఏమే, ఎడం చెయ్యి తియ్యి అక్కణ్ణుంచి." "ఆ పానా కాదు, దాని పక్కది." "సాయిబూ, నువ్వు బొమ్మలాగా నిలబడ్డావేంది, స్ప్రింగు వంకర కనపట్టంలా?" వంకర నిజంగానే ఉంది. సరిచేయించాను. ఆ ముక్కలన్నీ ఏరించి తన మంచం కింద పెట్టించుకున్నాడు, మళ్లీ వాటి అవసరం పడుతుందని అంత నమ్మకం. నాగేంద్రం నాకు మజ్జిగ ఇచ్చి, ఆయనకి చిన్న గ్లాసులో సగం నీళ్లు ఇస్తే, ఆమె వైపు చూస్తూనే ఒక్కొక్క గుక్కా తాగాడు.

పొద్దు వాలకముందే చక్రాలు ఎక్కించి, కారు నేల మీదకి దించి, నట్లు గట్టిగా బిగించాం. నేను బానెట్ మీద రెండు చేతులూ వేసి నొక్కి వదిలాను. మెత్తగా దిగి, పైకి లేచి, అక్కడే ఆగింది. ఇన్నేళ్లయినా ఆ ఆగడం చూస్తే నా మనసుకి హాయిగా ఉంటుంది.

కోటయ్య లేచాడు. ఎవరి భుజమూ అడగలేదు. వసారా స్తంభం పట్టుకుని, ఆగి, కారు దాకా వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతిని పొట్టకి ఆనించుకుని, కుడి చేత్తో తలుపు పైన ఉండే పిడిని గట్టిగా పట్టుకున్నాడు. నాగేంద్రం స్టీరింగు దగ్గర, నేను వెనక.

మొదటి గుంట వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని పళ్లు బిగపట్టాడు. కారు దిగింది, లేచింది, అంతే. రెండోది. ఆ తర్వాత లారీలు తొక్కి తొక్కి నాగలి చాళ్లలాగా చేసిన రోడ్డు. ఆయన మాత్రం ముందుకి వంగి, చెవి కిందికి పెట్టి, బంపరు ఎక్కడ తగులుతుందా అని వింటున్నాడు. వెనక కూర్చున్న నేను ఆయన కుడి చేతినే చూస్తున్నాను. పిడి మీద బిగిసిన వేళ్లు కాసేపటికి వదులయ్యాయి. ఇంకాసేపటికి చెయ్యి దానంతటదే జారి ఒళ్లోకి వచ్చింది. ఆ సంగతి ఆయన గమనించుకోలేదు. నాగేంద్రానికి చెబుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

వాగు వచ్చింది. చప్టా అంటే వంతెన కాదు, వాగుకి అడ్డంగా సిమెంటుతో పోసిన దారి. అవతలి కొస కోసుకుపోయి గట్టులాగా నిలబడింది. కారు చప్టా దాటి ఎక్కబోయింది. కింద గర్‌ర్‌ర్ మంది.

"తగిలింది!" కోటయ్య డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో కొట్టాడు. "తగిలిందా లేదా! ఏం సాయిబూ, నేను చెప్పానా లేదా!" నవ్వుతున్నాడు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. నాగేంద్రం కారు ఆపేసింది.

"తగిలింది బావా. నువ్వే గెలిచావ్" అన్నాను. ఆయన గెలిస్తే ముక్కలు మళ్లీ పెడతానని మాటిచ్చింది నేనే. పెడితే ఈ మనిషి రేపు కారెక్కడు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. "ఇంటికి పోయి ముక్కలు పెట్టేస్తాలే" అన్నాను, మాట తప్పే అలవాటు లేదు కాబట్టి.

నాగేంద్రం రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కోటయ్య నవ్వు ఆపి వెనక్కి తిరిగి మేం వచ్చిన రోడ్డుని చూశాడు. ఊరు చెట్ల వెనక ఎక్కడో ఉంది.

"ఇంత దూరం వచ్చామా?" అన్నాడు.

"వచ్చాం" అంది నాగేంద్రం.

ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని ఒకసారి తడుముకున్నాడు. అద్దంలోంచి చప్టా వైపు చూస్తూ అన్నాడు. "ఏమే, రేపు పొద్దున పోయేటప్పుడు ఇక్కడ ఎడం పక్కకి తియ్యి. ఆడ గట్టు తక్కువ. మర్చిపోతావ్, నేను చెప్తాలే కూర్చుని."

రేపు పొద్దున పోయేటప్పుడు. నాగేంద్రం "అట్టాగే" అన్నది. గేరు వేయబోతే ఇంజను ఆగిపోయింది, మళ్లీ వేయబోతే మళ్లీ ఆగిపోయింది. కల్లంలో నేర్చుకున్న డ్రైవింగు అని ఆయన ఎగతాళి చేశాడు. నేను కిటికీ లోంచి వాగు వైపు చూస్తూ కూర్చున్నాను. నా కళ్లు కూడా బాగాలేవప్పుడు. ముక్కల మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

స్ట్రట్ మార్చాక చక్రాల వరస సరిచూసే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, లేకపోతే టైర్లు ఒక పక్కే అరుగుతాయి. ఆస్పత్రి నుంచి తిరిగిపోయేటప్పుడు షెడ్డు దగ్గర ఆగమని చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం కారు వచ్చి ఆగింది. కోటయ్య ముందు సీటు వెనక్కి వాల్చుకుని పడుకుని ఉన్నాడు, ఒంట్లో సత్తువ లేదు, పెదాలు ఎండిపోయాయి. చేతికి కట్టు. నిద్రపోతున్నాడేమోనని నేను చప్పుడు చేయకుండా నిలబడ్డాను. ఆయన ఒక కన్ను తెరిచాడు.

"బావా, చప్టా కాడ తగల్లా" అన్నాడు.

అంతకుముందు ఏ కారు వచ్చినా, చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందని నేను మొదట అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇందులో ఎవరు కూర్చుంటారని అడుగుతున్నాను. కొందరు నన్ను వింతగా చూస్తారు, బండి చూడమంటే మనుషుల్ని అడుగుతాడేమిటని. చూడనీ. స్ట్రట్ మార్చడం ఎవరైనా నేర్చుకోవచ్చు, నాగేంద్రం ఒక్క పూటలో నేర్చుకుంది. రానన్న మనిషిని కారెక్కించాలంటే మాత్రం ఆయన్ని ఓడించి లాభం లేదు, గెలవనివ్వాలి. గెలిచాక ఆయనే దారి చెబుతాడు.